తనను తాను మోసపుచ్చుకోవడం: యాకోబు 1:22 వెనుక ఉన్న గ్రీకు మాట

యాకోబు పత్రిక 1:22లో మన తెలుగు బైబిలు “మిమ్మును మీరు మోసపుచ్చుకొనకుండ” అన్నచోట గ్రీకు మూలంలో ఏ మాట ఉంది, దానికి “తప్పుడు లెక్క వేసుకోవడం” అని ప్రసంగాల్లో చెప్పే అర్థం నిలుస్తుందా, గలతీయులకు 6:3లో “తన్నుతానే మోసపరచుకొనును” అన్నచోట ఉన్నది కూడా అదే మాటా అన్నవి మీ మూడు ప్రశ్నలు. ముందు క్లుప్తంగా చెబుతాను. యాకోబు వాడిన క్రియ “పరలొగీజొమై”. దానికి లెక్కతో సంబంధం నిజంగానే ఉంది, కాని ఆ సంబంధాన్ని ఎంతవరకు తీసుకుపోవచ్చో చూసుకోవాలి. గలతీ పత్రికలో ఉన్నది “ఫ్రెనపతావో” అనే వేరే మాట. అసలు కొత్త నిబంధనలో ఆత్మవంచనకు ప్రత్యేకించిన ఒకే పదం లేదు. ఈ రెండూ కాక యాకోబు 1:26లో “అపతావో”, 1 కొరింథీ 3:18లో “ఎక్సపతావో”, 1 యోహాను 1:8లో “ప్లనావో” అనే క్రియలు ఇదే పని చేస్తున్నాయి. తెలుగు అనువాదకులు ఈ అయిదింటినీ “మోసపుచ్చుకొను”, “మోసపరచుకొను” అనే మాటలతోనే తెచ్చారు. అది వారి లోపమని నేను అనను. వాక్యభావం అన్నిచోట్లా సరిగ్గానే అందుతుంది. అయితే మనిషి తనను తాను ఏ దారిలో మోసగించుకుంటున్నాడో, దానికి విరుగుడు ఎక్కడ వెతకాలో, ఆ తేడా మూలంలోని క్రియలనూ వాటి పక్కనున్న వాక్యాలనూ కలిపి చదివితేనే కనబడుతుంది.

“పరలొగీజొమై”లో రెండు భాగాలున్నాయి. “లొగీజొమై” అంటే లెక్కించడం, ఎంచడం, ఆలోచించి తేల్చుకోవడం. దీనికి మూలం “లోగొస్”. ఆ మాటకు వాక్కు, వాక్యం, హేతువు అనే అర్థాలతోపాటు లెక్క, పద్దు అనే అర్థం కూడా ఉంది. “పరా” అనే ఉపసర్గ పక్కకు తప్పడాన్ని, దారి మీరడాన్ని సూచిస్తుంది. కాబట్టి మాట కట్టుబడిని బట్టి చూస్తే ఇది లెక్కను పక్కదారి పట్టించడం, లేదా తర్కాన్ని తప్పుదోవలో నడిపించడం. ఈ రెండు అర్థాలూ గ్రీకు వాడుకలో నిజంగా కనబడతాయి. ఐగుప్తులో దొరికిన పపైరస్ (జమ్ముతో చేసిన ప్రాచీన కాగితం) పత్రాల్లో ఈ క్రియ లెక్కల్లో మోసాన్ని, ఎదుటివాణ్ణి దగా చేయడాన్ని చెబుతుంది. అరిస్టాటిల్ తర్కగ్రంథాల్లో ఇదే కుటుంబానికి చెందిన “పరలొగిస్మొస్” అనే నామవాచకం హేత్వాభాసకు, అంటే సరైన తర్కంలా కనిపిస్తూనే సరికాని తర్కానికి పేరు.

యాకోబుకూ అతని శ్రోతలకూ ఈ మాట అరిస్టాటిల్ దగ్గరనుంచి వచ్చి ఉంటుందని నేను అనుకోను. వాళ్లకు పరిచయమైన గ్రీకు పాత నిబంధన, అంటే సెప్టువజింట్, ఇంకా దగ్గరి ఆధారం. అక్కడ ఈ క్రియ వచ్చే చోట్లు చాలా స్పష్టంగా ఉన్నాయి. రాహేలు కోసం ఏడేళ్లు కొలువు చేసిన పితరుడైన యాకోబు (పత్రిక రాసిన యాకోబు కాదు) తెల్లవారి ఆమెకు బదులు లేయాను చూసి మామ లాబానును నిలదీసేటప్పుడు (ఆదికాండము 29:25) వాడినది ఈ క్రియనే. అదే లాబాను తన జీతాన్ని మార్చిన తీరును తలచుకుని యాకోబు కోపంతో మాట్లాడినప్పుడు (31:41) మళ్లీ ఇదే క్రియ వస్తుంది. అక్కడ దాని కర్మ మనిషి కాదు, జీతమే. గ్రీకు అనువాదంలో “పదిమారులు” అన్నచోట “పది గొఱ్ఱెపిల్లలు” అని కూడా ఉంది. జీతాల లెక్కలో జరిగిన దగా అన్న భావం అక్కడ ఏ సందేహానికీ చోటివ్వదు. దూరదేశం నుంచి వచ్చినట్టు నటించిన గిబియోనీయులను యెహోషువ ప్రశ్నించినప్పుడూ (యెహోషువ 9:22), దావీదును కిటికీలోనుంచి దింపి పంపేసి మంచంమీద బొమ్మను పడుకోబెట్టిన అతని భార్య మీకాలును ఆమె తండ్రి సౌలు గద్దించినప్పుడూ (1 సమూయేలు 19:17) ఇదే మాట. ఈ నాలుగు సందర్భాల్లోనూ ఒక సామాన్యాంశం ఉంది. మోసం చేసినవాడికి తాను చేస్తున్నదేమిటో తెలుసు. ఒకదాని స్థానంలో మరొకదాన్ని పెట్టి, అదే అసలైనదన్నట్టు ఒప్పించాడు. రాహేలు స్థానంలో లేయా, దావీదు స్థానంలో బొమ్మ.

కొత్త నిబంధనలో ఈ క్రియ రెండే చోట్ల ఉంది. ఒకటి మన వాక్యం. రెండవది కొలొస్సయులకు 2:4. అక్కడ పౌలు “చక్కని మాటలచేత” ఎవడూ మిమ్మును మోసపరచకూడదని చెబుతున్నాడు. ఆ “చక్కని మాటలు” అన్నచోట గ్రీకులో “పిథనొలొగీయా” ఉంది. నమ్మించేలా మాట్లాడే నేర్పు అని దాని అర్థం. అంటే అక్కడి మోసం బలవంతం వల్ల జరిగేది కాదు, వాదం వల్ల జరిగేది. కొలొస్సయిలో వాదించేవాడు బయటివాడు. యాకోబు పత్రికలో వాదించేవాడూ, ఆ వాదానికి ఒప్పుకునేవాడూ ఒక్కడే.

ఇక ప్రసంగాల్లో చెప్పే “తప్పుడు లెక్క” సంగతి. పదాన్ని ముక్కలుగా విడగొట్టి, ఆ ముక్కల అర్థాలను కూడి, ఆ మొత్తమే పదార్థమని ప్రకటించడం బైబిలు పద అధ్యయనాల్లో తరచు జరిగే పొరపాటు. వాడుకలో నలిగిన పదం తన పుట్టుకను మరిచిపోయి ఉండవచ్చు. “పరలొగీజొమై” కూడా మొదటి శతాబ్దం నాటికి చాలాచోట్ల కేవలం “మోసగించు” అనే అర్థంలోనే నడిచింది. మీకాలు కథలో లెక్క ఏదీ లేదు. కనుక ఎవరైనా “ఈ మాటకు అసలైన అర్థం ఖాతా పుస్తకంలో దొంగ పద్దు రాయడమే” అని ఖరారుగా చెబితే దాన్ని నేను ఒప్పుకోను. అయినా యాకోబు 1:22లో మాత్రం ఆ పాత అర్థం మళ్లీ మేలుకున్నదని నమ్మడానికి కారణం ఉంది. ఆ కారణం పదచరిత్రలో కాదు, వాక్యంలోనే ఉంది. గ్రీకులో ఆ వాక్యం “గీనెస్థె దె పొయితై లోగూ కై మే మోనొన్ అక్రొయతై పరలొగిజొమెనొయ్ హెయవుతూస్” అని నడుస్తుంది. మొదటి సగంలో “లోగూ”, అంటే వాక్యము యొక్క, అన్న మాట ఉంది. రెండవ సగంలో “పరలొగిజొమెనొయ్” ఉంది. లోగొస్‌ను విని దాన్ని చేయనివాడు పక్కదారి పట్టిన లోగొస్‌తో తనను తాను ఒప్పించుకుంటున్నాడన్న ధ్వని ఆ రెండు మాటలను దగ్గర దగ్గరగా విన్న శ్రోత చెవిని తాకకుండా పోదు. ఈ పత్రికలో ఇలాంటి శబ్దసామ్యాలు అరుదు కావు. మొదటి వచనాన్ని “ఖైరెయిన్” (శుభము) అనే మాటతో ముగించి, రెండవ వచనాన్ని “ఖరాన్” (ఆనందము) అనే మాటకు కలిపి ఎత్తుకున్న రచయిత ఇతనే.

వ్యాకరణం గురించి రెండు సంగతులు చెప్పాలి. “పరలొగిజొమెనొయ్” వర్తమానకాల కృదంతం. ఒక్కసారి మోసపోయి ఊరుకోవడం కాదు, వినడం సాగినంతకాలం ఆ మోసమూ సాగుతూనే ఉంటుందన్న సూచన అందులో ఉంది. “హెయవుతూస్” అనే ఆత్మార్థక సర్వనామం రూపంలో ప్రథమ పురుషకు చెందినదే అయినా, ఆనాటి గ్రీకులో బహువచనంలో మూడు పురుషలకూ అదే రూపం చెల్లుతుంది. కాబట్టి “తమ్మును తాము” అని కాకుండా “మిమ్మును మీరు” అని మన అనువాదం చేసిన నిర్ణయం న్యాయమైనదే. పైగా “మాత్రమే” అన్న మాటను జారవిడవకూడదు. వినడం తప్పని యాకోబు ఎక్కడా అనలేదు. మూడు వచనాల ముందే ప్రతి మనుష్యుడు వినుటకు వేగిరపడాలని అతను చెప్పి ఉన్నాడు.

వినడం గురించి ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ మోసం ఎక్కడ పుడుతుందో అది చూపిస్తుంది. ఆ కాలంలో వాక్యం చాలామందికి చదువుకునేది కాదు, వినేది. సొంత ప్రతి ఉన్నవాళ్లు బహు కొద్దిమంది. సమాజమందిరంలో ఒకరు చదివితే తక్కినవారు వినేవారు. ప్రతి విశ్రాంతిదినమున సమాజమందిరములలో మోషే గ్రంథము చదువబడుతున్నదని అపొస్తలుల కార్యములు 15:21లో చెప్పినది కూడా యాకోబే. సంఘ సంప్రదాయం ఈ పత్రిక రచయితగా ఎంచేది ఆయననే. అలాంటి సమాజంలో వినడం దానంతట అదే ఒక భక్తి క్రియ. సమయానికి వెళ్లి, కూర్చుని, శ్రద్ధగా విన్నవాడు నిజంగానే ఒక పని చేశాడు. అదే ప్రమాదానికి మూలం. ఏమీ చేయనివాడికి తాను ఏమీ చేయలేదని తెలుసు. విన్నవాడికి మాత్రం ఏదో చేశానన్న తృప్తి మిగులుతుంది. చిట్టాలో బాకీ కింద ఉండవలసిన పద్దును జమ కింద రాసుకున్న వ్యాపారికి నెలాఖరున పుస్తకం నిండుగా కనబడినట్టే, విన్న మాటను చేసిన పనిగా ఎంచుకున్న శ్రోతకు తన జీవితం నిండుగా కనబడుతుంది. అద్భుతమైన ప్రసంగం విన్న రోజున మనసు కరిగితే, ఆ కరగడాన్నే మారుమనస్సుగా లెక్కలో వేసుకోవడం నేటి సంఘాల్లోనూ, తెలుగు సంఘాల్లోనూ ప్రతి ఆదివారం సాధ్యమైన విషయమే. రాహేలు స్థానంలో లేయా వచ్చినట్టు, చేయడం స్థానంలో వినడం వచ్చి కూర్చుంటుంది.

ఇది నేను మాటకు అంటగట్టిన అర్థం కాదనడానికి పత్రికలోనే మరొక ఆధారం ఉంది. రెండవ అధ్యాయంలో వస్త్రము లేక, ఆ నాటికి భోజనం లేక ఉన్న సహోదరుడితో, సహోదరితో “సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి, తృప్తిపొందుడి” అని చెప్పి ఏమీ ఇవ్వనివాడి ఉదాహరణను యాకోబు తెస్తాడు. ఆ మాటలు చెడ్డవి కావు. అవి ఆశీర్వాదాలే. పలికినవాడు దయ చూపించానని నమ్ముతూ ఇంటికి వెళ్లగలడు. 1:22లో సూత్రంగా చెప్పిన ఆత్మవంచనకు ఇది పూర్తి ఉదాహరణ. అదే అధ్యాయంలో, 23వ వచనంలో, అబ్రాహాము దేవుని నమ్మెను, అది అతనికి నీతిగా ఎంచబడెను అనే ఆదికాండపు వాక్యాన్ని యాకోబు ఉదహరించాడు. ఆ “ఎంచబడెను” అన్నచోట ఉన్నది “లొగీజొమై” క్రియే. ఈ పత్రికలో ఆ క్రియ వచ్చేది అక్కడ ఒక్కసారే. పౌలు రోమా 4వ అధ్యాయంలో దాన్ని 11 సార్లు వాడి అక్కడి వాదాన్నంతా దానిమీద నిలబెట్టాడు. యాకోబు ఈ రెండు చోట్లనూ ఉద్దేశపూర్వకంగా జత చేశాడని నిరూపించలేం, కాబట్టి నేను ఆ మాట అనను. కాని పత్రికను ఒక్క బిగిన చదివేవాడికి ఆ రెండు లెక్కలూ ఎదురెదురుగా నిలుస్తాయి. మొదటి అధ్యాయంలో మనిషి తన గురించి తాను తప్పుగా ఎంచుకుంటాడు. రెండవ అధ్యాయంలో దేవుడు అబ్రాహామును గురించి ఎంచుతాడు. ఇస్సాకును బలిపీఠంమీద అర్పించిన క్రియతో ఆ ఎంపిక నెరవేరిందని యాకోబు అంటాడు.

1:23, 24లోని అద్దం ఉపమానం ఈ మాటకు వివరణగానే వచ్చింది. దాన్ని చాలామంది తప్పుగా వివరిస్తారు. అజాగ్రత్తగా, వచ్చిపోతూ ఒక చూపు చూసి వెళ్లినవాడని వాణ్ణి వర్ణిస్తారు. గ్రీకులో అక్కడున్న “కతనొఏవో” అనే క్రియకు అజాగ్రత్తగా చూడడమన్న అర్థం లేదు. జాగ్రత్తగా గమనించడం, మనసు పెట్టి చూడడం దాని అర్థం. యేసు “కాకుల సంగతి విచారించి చూడుడి” అన్నప్పుడు (లూకా 12:24) వాడిన క్రియ అదే. కాబట్టి యాకోబు చెప్పే మనిషి తన ముఖాన్ని బాగానే చూసుకున్నాడు. ఆనాటి అద్దాలు మెరుగుపెట్టిన లోహపు పలకలు. వాటిలో ముఖం తెలియాలంటే శ్రద్ధగానే చూడాలి. వాడి లోపం చూపులో లేదు, ఆ తరువాత జరిగినదానిలో ఉంది. “అవతలికి పోయి”, “వెంటనే మరచిపోవును”. ఇది ఎంత ముఖ్యమంటే, వాడు శ్రద్ధలేని శ్రోత అయితే మనలో శ్రద్ధగా వినేవారందరూ ఆ ఉపమానం తమది కాదని తప్పించుకోవచ్చు. యాకోబు ఆ తలుపు మూసేశాడు. 25వ వచనంలో “తేరి చూచి” అన్నచోట ఉన్న “పరకూప్తో” వంగి చూడడాన్ని చెబుతుంది. యేసు సమాధిలోకి వంగి చూసిన శిష్యుని గురించి యోహాను 20:5లో వచ్చే క్రియ అది. అక్కడ కూడా యాకోబు బరువంతా చూపుమీద వేయలేదు. “నిలుకడగా ఉండువాడెవడో” అన్నదానిమీద వేశాడు.

ఆ వెంటనే 26వ వచనంలో మాట మారుతుంది. నోటికి కళ్లెం పెట్టుకోకుండా భక్తిగలవాడనని అనుకొనేవాడు “తన హృదయమును మోసపరచుకొనుచు” ఉన్నాడు. ఇక్కడ క్రియ “అపతావో”. గ్రీకులో మోసానికి ఇది అతి సామాన్యమైన మాట. దీని నామవాచకమైన “అపాతే” మత్తయి 13:22లో “ధనమోసము”గా, హెబ్రీ 3:13లో పాపమువలన కలుగు “భ్రమ”గా మన తెలుగులో కనబడుతుంది. ధనమూ పాపమూ వాదించి ఒప్పించవు, ఆకర్షించి లాగుతాయి. “పరలొగీజొమై” బుద్ధిలో జరిగే మోసమైతే, “అపతావో” ఎక్కువగా కోరికలో జరిగే మోసం. యాకోబు దానికి “తనను” అని కాక “తన హృదయమును” అని కర్మ ఇవ్వడం ఈ భావానికి సరిపోతుంది. హెబ్రీ ఆలోచనలో హృదయం ఆలోచనకూ నిలయమే కనుక ఈ తేడాను మరీ గట్టిగా గీయను. కాని ఒకే పేరాలో, నాలుగు వచనాల దూరంలో, రచయిత రెండు వేర్వేరు క్రియలను ఎంచుకోవడం గమనించదగినది.

ఇక గలతీ 6:3. “ఎవడైనను వట్టివాడైయుండి తాను ఎన్నికైన వాడనని యెంచుకొనినయెడల తన్నుతానే మోసపరచుకొనును.” ఇక్కడి “ఫ్రెనపతావో” కొత్త నిబంధన మొత్తంలో ఈ ఒక్కచోటే ఉంది. దానికి చుట్టమైన “ఫ్రెనపాతేస్” అనే నామవాచకం తీతు 1:10లో ఒకసారి వస్తుంది, “వదరుబోతులును మోసపుచ్చువారును” అన్నచోట. “ఫ్రేన్” అంటే బుద్ధి. హోమరు కాలంలో రొమ్ముకూ కడుపుకూ మధ్యనుండే పొరను ఆ పేరుతో పిలిచి, ఆలోచనలకూ భావాలకూ అదే నెలవని ఎంచేవారు. కొత్త నిబంధనలో ఆ నామవాచకం 1 కొరింథీ 14:20లో మాత్రమే ఉంది. “బుద్ధి విషయమై పెద్దవారలై యుండుడి” అన్నది ఆ వచనమే. కాబట్టి “ఫ్రెనపతావో” అంటే బుద్ధినే మాయ చేయడం, లేనిదాన్ని ఉన్నట్టు మనసులో కల్పించుకుని దాన్ని నమ్మడం.

పౌలుకు ముందు ఈ మాట ఏ గ్రీకు రచనలోనూ కనబడకపోవడంతో ఆయనే దీన్ని పుట్టించి ఉంటాడని 19వ శతాబ్దపు వ్యాఖ్యాతలు ఊహించారు. ఆ తరువాత బెర్నార్డ్ గ్రెన్‌ఫెల్ 1896లో ప్రకటించిన ఒక ఐగుప్తు పపైరస్‌లో నామవాచక రూపమైన “ఫ్రెనపాతేస్” దొరికింది. క్రీ.పూ. 2వ శతాబ్దపు ప్రతి అది. ప్రియుడు వదిలి వెళ్లగా అతని మూసిన తలుపు దగ్గర నిలబడి ఒక స్త్రీ పాడే పాట అందులో ఉంది. ఆమె అతణ్ణి “ఫ్రెనపాతేస్” అని, వెంటనే “ఇంతకుముందు తన గురించి గొప్పగా తలచినవాడు” అని పిలుస్తుంది. క్రియారూపం పౌలుదే కావచ్చు. మాట కుటుంబం మాత్రం ఆయనకు ముందునుంచే జనం నోట ఉన్నదని దీనివల్ల తెలిసింది. బుద్ధిని వంచించడమూ, తన గురించి గొప్పగా తలచడమూ ఆ పాటలో ఒకే పంక్తిలో పక్కపక్కన ఉన్నాయి. గలతీ 6:3లోనూ ఆ రెండూ కలిసే ఉన్నాయి. పౌలు ఆ పాట విన్నాడని నేను సూచించడం లేదు. ఈ మాట సహజంగా ఎలాంటి సందర్భంలో పలికేదో ఆ పాట చూపిస్తుంది, అంతే.

గలతీ వాక్యంలో “ఎన్నికైన వాడనని యెంచుకొను” అన్నదానికి గ్రీకు “దొకేయ్ ఎయినై తి”. తాను ఏదో అయినట్టు తోచడం, అనుకోవడం. ఇదే పదబంధం 2:6లో యెరూషలేము పెద్దలను గురించి వస్తుంది, “ఎన్నికైనవారుగా ఎంచబడినవారు” అని. ఇక్కడ తెలుగు అనువాదకులను మెచ్చుకోవాలి. రెండుచోట్లా “ఎన్నికైన” అనే మాటనే నిలిపి, ఒకచోట “ఎంచబడిన”, మరొకచోట “ఎంచుకొనిన” అని మార్చారు. ఇతరులు ఎంచడానికీ, తనను తాను ఎంచుకోవడానికీ ఉన్న తేడా ఒక్క ప్రత్యయంతో తేలిపోయింది. ఈ వచనానికి ముందున్నది తప్పిపోయిన సహోదరుణ్ణి సాత్వికంతో మంచి దారికి తేవడమన్న సంగతి, ఒకరి భారములనొకరు మోయడమన్న సంగతి. పడిపోయినవాణ్ణి లేపడానికి వెళ్లినవాడు పక్కనున్నవాడితో తనను పోల్చుకుని తాను గొప్పవాడినని అనుకోవడమే అక్కడి ఆత్మవంచన. అందుకే 4వ వచనంలోని విరుగుడు పోలికను తీసివేస్తుంది. “ప్రతివాడును తాను చేయుపనిని పరీక్షించి చూచుకొనవలెను.” పరీక్షించడానికి ఉన్న “దొకిమాజో” లోహాన్ని, నాణేన్ని మేలిమి తెలుసుకోవడానికి పరీక్షించే మాట. “దొకేయ్”కు మూలరూపమైన “దొకేవో”తో దానికి ధాతుసంబంధం కూడా ఉంది. తోచినది చాలదు, పరీక్షకు నిలవాలి. పరీక్షించవలసినది తన మనోభావాన్ని కాదు, తాను చేసిన పనిని.

ఈ “దొకేయ్” అనే క్రియనే ఆధారంగా తీసుకుని మూడు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడమని మీకు సలహా ఇస్తాను. గలతీ 6:3లో ఎన్నికైనవాడనని అనుకొనడం, 1 కొరింథీ 3:18లో జ్ఞానినని అనుకొనడం, యాకోబు 1:26లో భక్తిగలవాడనని అనుకొనడం. మూడుచోట్లా అదే క్రియ, మూడుచోట్లా “ఎవడైనను” అనే షరతు, మూడుచోట్లా తనను తాను మోసపరచుకోవడం. మోసానికి వాడిన క్రియలు మాత్రం మూడూ వేరు. కొరింథీలోని “ఎక్సపతావో” “అపతావో”కు ఉపసర్గ చేరిన రూపం. ఆ ఉపసర్గ వల్ల అర్థం తీవ్రమవుతుందని కొందరు చెబుతారు, కాని 1 తిమోతి 2:14లో రెండు రూపాలూ ఒకే వాక్యంలో పెద్ద తేడా లేకుండా వస్తాయి. కనుక దానిమీద ఎక్కువ కట్టడం మంచిది కాదు. ఈ క్రియకు పాత గ్రీకులోనూ ఆత్మవంచనతో పరిచయం ఉంది. క్రీ.పూ. 349లో ఏథెన్సు సభలో వక్త దెమొస్థెనీస్ తనను తాను మోసపుచ్చుకోవడమంత సులభమైనది మరొకటి లేదని, ప్రతివాడూ తాను కోరినదాన్నే నిజమని తలుస్తాడని అన్నాడు. ప్లేటో తన “క్రతులొస్” సంభాషణలో, మోసగించేవాడు క్షణమైనా మనల్ని వదలక వెంటే ఉంటాడు కాబట్టి తన చేత తాను మోసపోవడమే అన్నిటికంటె కఠినమైనదని సోక్రటీసు చేత చెప్పించాడు. అపొస్తలులు కొత్తగా కనుగొన్న విషయం కాదు ఇది. వారు చేర్చినది, ఈ మోసం దేవుని ఎదుట జరుగుతున్నదన్న ఎరుక.

1 యోహాను 1:8లోని “ప్లనావో” దారి తప్పించడాన్ని చెప్పే మాట. మత్తయి 18:12లో తప్పిపోయిన గొఱ్ఱె, యూదా 13లో మార్గము తప్పి తిరుగు చుక్కలు, రెండూ ఈ కుటుంబానివే. “మోసపోకుడి” అని యాకోబు 1:16లోనూ, గలతీ 6:7లోనూ ఉన్నది కూడా ఇదే క్రియ. అయితే అక్కడ అది “ప్లనాస్థె” అనే మధ్యమ లేదా కర్మణి రూపంలో ఉంది. యోహాను మాత్రం కర్తరి క్రియ పెట్టి దానికి “మనలను మనమే” అన్న కర్మను చేర్చాడు. దారి తప్పామని కాదు, మనమే మనల్ని దారి తప్పించుకున్నామని ఆ కూర్పు చెబుతుంది. బాధ్యతను మరెవరిమీదా వేయడానికి వీలుండదు. విరుగుడు మరుసటి వచనంలోనే ఉంది, పాపములను ఒప్పుకోవడం.

మీరు బైబిలు పాఠం కోసం వ్రాసుకునేటప్పుడు “ఆత్మవంచన” అనే మాట వాడవచ్చు, సాహిత్య తెలుగులో అది సరైనదే. కాని మన తెలుగు బైబిలులో “ఆత్మ” అనగానే విశ్వాసికి పరిశుద్ధాత్మ గాని, మనిషిలోని ఆత్మ గాని గుర్తుకు వస్తుంది. ఈ అయిదు వచనాల్లో ఎక్కడా ఆత్మకు గ్రీకు మాటైన “ప్న్యూమా” లేదు. కాబట్టి “ఆత్మను వంచించడం” అన్న దిశలో వివరణ జారకుండా చూసుకోండి. 1:22ను మీ మాటల్లో చెప్పవలసి వస్తే, “విన్నదాన్నే చేసినదానిగా ఎంచుకుని మిమ్మల్ని మీరు నమ్మించుకుంటూ, కేవలం వినేవారుగా మిగిలిపోకుండా, వాక్యాన్ని చేసేవారిగా ఉండండి” అని చెప్పవచ్చు. “ఎంచుకుని” అన్నది అనువాదం కాదు, వివరణ అని శ్రోతలకు చెప్పండి. 2:23లోని “ఎంచబడెను” దగ్గరికి పాఠం చేరినప్పుడు ఆ మాటను మళ్లీ ఎత్తుకుంటే, లెక్క గురించి మీరు విన్న ప్రసంగంలో ఎంతభాగం వాక్యం నుంచి వచ్చిందో, ఎంతభాగం నిఘంటువు నుంచి వచ్చిందో వారే పోల్చుకోగలుగుతారు.